బోర్డు ఒక్కటే, భోజనం ఒక్కటేనా?



ఒకప్పుడు మన కుటుంబాలు ప్రయాణం కట్టాలంటే ముందు రోజు రాత్రే పులిహోర కలిపి, తెల్లవారుజామున పెరుగన్నం క్యారియరులో సర్దుకునేవారు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ చెట్టు క్రింద కూర్చుని తినేవారు. ఇప్పుడు పెండ్లి బట్టలకు విజయవాడ వెళ్ళినా, కంటి ఆపరేషనుకు హైదరాబాదు వెళ్ళినా, దారిలో ఒక పెద్ద బోర్డు కనబడుతుంది. పిల్లలు ఆ రంగును అర కిలోమీటరు దూరం నుండే గుర్తుపట్టేస్తారు. ఏ ఊరిలో చూసినా అదే పేరు, అదే మెనూ, అవే సోఫాలు, అదే చల్లని గాలి. చెయిన్ హోటళ్ళు అంటున్నామే, అవి. సంవత్సరానికి రెండు మూడుసార్లు మాత్రమే ఇలాంటి చోట కూర్చునే వారికి అది చిన్న ఖర్చు కాదు. ఇంటిల్లిపాదీ తిని లేచేసరికి కొన్ని రోజుల కూలి డబ్బు పోతుంది. అంత పెట్టి తిన్నది చల్లారిన అన్నము, సగం ఉడికిన మాంసము అయితే ఎవరిని అడగాలి? ఎలా అడగాలి? ఈ నెల ఆ సంగతి వ్రాయ తలపెట్టాము.

మొన్న మా సంఘములోని రెండు కుటుంబాల వారము కలిసి ఒక పెండ్లికి వెళ్ళి వస్తూ అటువంటి హోటలులో ఆగాము. పెద్దవారము ఐదుగురము, పిల్లలు ఇద్దరు. ఆ హోటలు పేరు వ్రాయము. అదొక్కటే అలా ఉన్నదని మీరు అనుకోకూడదు. కూర్చున్న ఇరవై నిమిషాలకు గాని ఎవరూ రాలేదు. వచ్చిన అబ్బాయి నల్లబడిన గుడ్డతో బల్ల తుడిచాడు. ఆ వాసన చేతులు కడుక్కున్నా పోలేదు. అడగకుండానే నీళ్ళ సీసాలు మూతలు తీసి పెట్టాడు. మరో నలభై నిమిషాలకు బిర్యానీ వచ్చింది. పైన పొగలు వస్తున్నాయి, గరిటె లోపలికి దించితే అన్నము చల్లగా ఉన్నది. కోడి ముక్క ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉన్నది. మాలో పెద్దాయన అబ్బాయిని పిలిచి నెమ్మదిగా, "ఏం బాబూ, ఇది ఎప్పుడు వండారు?" అన్నారు. వాడు అటూ ఇటూ చూసి, "ఇక్కడ వండరు తాతగారూ, వస్తుంది. మేము వేడి చేస్తామంతే" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఈ వ్యాపారమంతా ఉన్నది.

ఒకే రుచి అన్ని ఊళ్ళలో దొరకాలంటే అన్ని ఊళ్ళలోను ఒకే చేయి వంట చేయాలి. అది సాధ్యం కాదు. కాబట్టి ఒకచోట పెద్ద వంటశాల పెట్టి గ్రేవీలు, మసాలాలు, నానబెట్టిన మాంసము అక్కడే తయారుచేసి, చల్లబరచి, సంచులలో మూసి, బండ్లమీద శాఖలకు పంపుతారు. ఈ పద్ధతికి మూలము అమెరికా దేశములో ఉన్నది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలులో వంటను కార్ఖానా పనిలాగా ముక్కలుగా విడగొట్టారు. ఒకరు మాంసము కాల్చడమే, ఒకరు బంగాళాదుంపలు వేయించడమే. ఆరితేరిన వంటవాడి అవసరము తగ్గింది, ధర కూడ తగ్గింది. మన దేశములో వారి మొదటి దుకాణము 1996లో ఢిల్లీలో తెరిచారు. తరువాత మన బిర్యానీ, దోసె, టిఫిను కూడ అదే దారి పట్టాయి.

ఈ పద్ధతి చెడ్డదని మేము అనము. శుభ్రముగా నడిపితే రోడ్డు ప్రక్క బండి కంటె ఇది క్షేమమే. అయితే దాని ప్రాణమంతా చలువలోను వేడిలోను ఉన్నది. వండిన పదార్థము 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీలకు దిగువన చల్లగా ఉండాలి. ఈ రెండింటి నడుమ గంటల తరబడి ఉంటే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. బండి దారిలో ఆగిపోయినా, శాఖలో ఫ్రిజ్ పనిచేయకపోయినా, కరెంటు బిల్లు తగ్గుతుందని మేనేజరు రాత్రి మీట నొక్కేసినా, ఆ గొలుసు తెగినట్లే. పైకి ఏమీ తెలియదు. మసాలా వాసన అన్నిటినీ కప్పివేస్తుంది.

అన్నము సంగతి మరీ ముఖ్యము. బియ్యములో ఉండే ఒక జాతి క్రిమి విత్తనాలు ఉడికినా చావవు. వండిన అన్నమును గదిలో గంటల తరబడి వదిలితే అవి మొలకెత్తి విషము విడుస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషము మళ్ళీ వేడి చేసినా పోదు. "మరి మన చద్దన్నం మాటేమిటి?" అని మా ఇంటి పెద్దమ్మలు అడుగుతారని తెలుసు. చద్దన్నము రాత్రి నీళ్ళో మజ్జిగో పోసి పులియబెట్టి తెల్లవారగానే తినేది. ఆ పులుపు చాలా క్రిములను అణచి ఉంచుతుంది. మధ్యాహ్నము వండి గంపెడు పోసి, రాత్రి పదింటికి వేడి చేసి వడ్డించే బిర్యానీని దానితో పోల్చకూడదు.

గొలుసులో ఒక కడియము చెడితే ఏమవుతుందో అమెరికావారు 1993లో చూశారు. జాక్ ఇన్ ది బాక్స్ అనే చెయిన్ హోటళ్ళలో సరిగా కాల్చని గొడ్డు మాంసపు ముద్దలు తిని నాలుగు రాష్ట్రాలలో 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. మాంసమును 68 డిగ్రీల దాకా వేడి చేయాలని వాషింగ్టన్ రాష్ట్రపు నియమము అప్పటికే ఉన్నది. హోటలువారు 60 డిగ్రీల దగ్గరే ఆపేశారు. ఎనిమిది డిగ్రీల తేడా. ఊరిలో ఒక హోటలు చెడితే ఆ ఊరివారికే నష్టము. పంపేచోట చెడితే ఒకే వారములో పది ఊళ్ళు పడకెక్కుతాయి.

మన దగ్గర కూడ 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక స్త్రీ చనిపోయింది, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వము పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును ఒక సంవత్సరము నిషేధించింది. పిల్లలు వేళ్ళతో నాకి తినే ఆ తెల్లని ముద్ద అదే.

వేయించినవాటి మాట కూడ ఒకటి చెప్పాలి. ఒకే నూనెలో మళ్ళీ మళ్ళీ వేయిస్తే అది నల్లబడి, చిక్కబడి, నురుగు కడుతుంది. అలా చెడినదాని పాలు 25 శాతము దాటిన నూనె వాడరాదని 2018 జూలై 1 నుండి నియమము ఉన్నది. కొలిచే పరికరము మన చేతిలో లేదు గాని, నాలుక ఉన్నది. చికెను ముక్క కొరికితే గొంతులో చేదుగా పట్టుకుంటే ప్రక్కన పెట్టండి. డబ్బు ఇచ్చాము గదా అని మ్రింగనవసరము లేదు.

ఇక వడ్డించే పిల్లల విషయము. మా బల్ల దగ్గరకు వచ్చిన అబ్బాయి మన ప్రక్క మండలము వాడేనని మాటల్లో తెలిసింది. ఇంటరు తప్పి వచ్చాడట. ఆ పూట అంత హాలుకీ ఇద్దరే ఉన్నారు. ఉదయము పదకొండుకు ఎక్కితే రాత్రి పన్నెండుకు గాని దిగరు. ఆ నెలలోనే ముగ్గురు మానేశారు, క్రొత్తవారిని పెట్టలేదు. ప్రక్క బల్ల దగ్గర ఒకాయన ఆలస్యమైనదని వాడిని "ఒరేయ్" అని అందరి ఎదుటా తిట్టాడు. మేనేజరు అద్దాల గదిలోనుండి చూస్తూ కదలలేదు. ఇద్దరితో నలుగురి పని చేయించి మిగుల్చుకునేది ఒకరు, తిట్లు తినేది మరొకరు. మన ఊళ్ళ నుండి ఎంతమంది పిల్లలు ఈ కొలువులకు వెళ్తున్నారో మీకు తెలియనిది కాదు. కోపము రావడము న్యాయమే. దానిని అద్దాల గదిలోనికి తీసుకువెళ్ళాలి.

బిల్లు వచ్చింది. తిన్నది 2,400 రూపాయలు. దాని క్రింద సర్వీసు చార్జి 240. ఆ మొత్తము మీద జి.ఎస్.టి. 5 శాతము, 132. అన్నీ కలిపి 2,772. జి.ఎస్.టి. ప్రభుత్వమునకు పోయేది, అది ఇవ్వవలసిందే. సర్వీసు చార్జి అలా కాదు. హోటళ్ళు దానిని తమంతట తామే బిల్లులో కలపరాదని, ఇష్టమైతేనే ఇవ్వవచ్చునని వినియోగదారులకు చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే నిలబెట్టింది. మేము మేనేజరు దగ్గరకు వెళ్ళి ఈ మాట చెప్పాము. మొదట "కంపెనీ రూలండీ" అన్నాడు. కేకలు వేయకుండా, ఆ మాట బిల్లు మీద వ్రాసి సంతకము చేయమన్నాము. రెండు నిమిషాలలో వేరే బిల్లు వచ్చింది. సర్వీసు చార్జి లేదు, పచ్చిగా ఉన్న చికెను బిర్యానీ ధర కూడ తీసివేశాడు. బయటికి వస్తూ ఆ అబ్బాయి చేతిలోనే వంద రూపాయలు పెట్టాము.

ఆ రాత్రి పిల్లలలో చిన్నవాడికి వాంతులు మొదలైనవి. వాడి తల్లి ఓ.ఆర్.ఎస్. పొట్లము లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి చెంచాతో కొంచెము కొంచెముగా పట్టింది. తెల్లవారేసరికి తేరుకున్నాడు. పొట్లము లేనప్పుడు లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, గీటుగా కొలిచి కలపాలి. విరేచనములో రక్తము పడినా, బిడ్డ కళ్ళు లోపలికి పోయినా, ఆరేడు గంటలు మూత్రము రాకపోయినా ఇంటి వైద్యము ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

హోటలు బిల్లును జేబులో నలిపి పారవేయకండి. దాని మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉండాలి. ఏ వంటశాల, ఎవరి పేరు మీద అన్నది దానితోనే తెలుస్తుంది. పచ్చి మాంసమునకు ఫోను ఉన్నవారు ఒక ఫొటో తీయాలి. మేనేజరు వినకపోతే జిల్లా ఆహార భద్రతాధికారికి వ్రాయవచ్చు. నష్టపరిహారము కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషనులో రెండు సంవత్సరాల లోపల ఫిర్యాదు వేయాలి. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు కూడ తప్పనిసరి కాదు. వీటికంటె ముందు 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. చేసేటప్పుడు హోటలు పేరు, ఊరు, తేదీ, బిల్లు నంబరు కాగితము మీద వ్రాసి దగ్గర పెట్టుకోండి. వారు ముందుగా అడిగేవి అవే.