పాటల పెట్టె ఎందుకు మూగబోయినది?

భావనపాడు రేవుకు కొద్ది దూరములో ఒక ఉన్నత పాఠశాల కలదు. ఆ చుట్టుపట్ల గ్రామములలో పాడుకొను తప్పెటగుళ్ల పాటలను, జముకుల కథలను, వలలు లాగునప్పటి పదములను అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి కొన్ని సంవత్సరములుగా రికార్డు చేసి దాచుచున్నారు. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వారి గొంతు ఆ రికార్డులలోనే మిగిలియున్నది.

ఒక వర్షాకాలపు ఉదయమున ఆ పాఠశాల ఉపాధ్యాయుడొకరు నాకు ఫోను చేసినారు. "మాస్టారూ, పాటలన్నీ పోయాయండి. రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున్న చూస్తే ఒక్క పాట కూడా లేదని చూపిస్తోంది. నిల్వ పెట్టెని చెరిపేసి మళ్లీ కొత్తగా సిద్ధం చేసుకోమంటున్నారు. చేసేయమంటారా?"

"వద్దండీ, దేన్నీ ముట్టుకోకండి" అని చెప్పి నేను టెక్కలిలో బస్సు ఎక్కినాను. ఆ దినమున మేము చేసిన పరీక్షలను వరుసగా చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇటువంటి చిక్కు ఏ పాఠశాలకైనను, ఏ ఇంటికైనను రావచ్చును.

పెట్టెలు రెండు

పాటలు వినిపించుటకు అక్కడ రెండు యంత్రములు ఉన్నవి. ఒకటి సంగీత సర్వరు. అరచేతిలో ఇమిడెడి చిన్న కంప్యూటరు. పాటల పట్టికను చూపుట, కోరిన పాటను స్పీకరుకు పంపుట దాని పని. రెండవది నిల్వ పెట్టె. అందులో హార్డు డిస్కులు ఉండును. పాటలు ఉండునది ఇందులోనే. రెంటిని రౌటరు అను మూడవ పరికరము తీగెలతో కలుపును.

రెండు పెట్టెలు ఎందుకు, ఒకటి చాలదా అని విద్యార్థులు అడుగవచ్చును. లెక్క చూడండి. సి.డి. నాణ్యముతో రికార్డు చేసినపుడు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలుతురు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు ధారలు. మొత్తము సెకనుకు 14,11,200 బిట్లు, అనగా 1,76,400 బైట్లు. ఒక గంటకు ఇది సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లు అగును. నూరు గంటల పాటలకు 6,350 కోట్ల బైట్లు కావలెను. చిన్న కంప్యూటరులోని 32 గిగాబైట్ల కార్డు, అనగా 3,200 కోట్ల బైట్ల కార్డు, ఇందులో సగమునకే చాలును. కావున పాటలకు వేరొక పెట్టె అవసరమైనది.

ఖాళీగా కనబడుట, ఖాళీ యగుట

ముందుగా పాటలు నిజముగా పోయినవా అన్నది తేల్చుకొనవలెను. సంగీత సర్వరులో ఒక ఖాళీ అరను ఏర్పాటు చేసి, నిల్వ పెట్టెలోని పాటల అరను దానిపై తగిలింతురు. దీనినే మౌంటు చేయుట అందురు. తగిలియున్నంతవరకు ఆ అరను తెరచిన పాటలు కనబడును. తగులుట తప్పినచో వెనుకనున్న ఖాళీ అరయే కనబడును. సర్వరు దానిని చూచి "పాటలు సున్న" అని తన పట్టికను తుడిచివేయవచ్చును. గ్రంథాలయములో పట్టిక చీట్లు చిరిగినంత మాత్రమున పుస్తకములు చిరిగినట్లు కాదు గదా! కాని నిల్వ పెట్టెను "కొత్తగా సిద్ధము" చేసినచో పుస్తకములే పోవును. అందుచేతనే దేనిని ముట్టవద్దని చెప్పితిని.

మొదటి మెట్టు: తీగె

సమాచారము ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు చేరుటకు అనేక మెట్లు కలవు. క్రింది మెట్టు గట్టిగా ఉన్నదని తెలిసిన పిదపనే పై మెట్టును అనుమానింపవలెను.

అన్నిటికంటె క్రిందిది తీగె. నౌపడ ఉప్పు మళ్లకు దాపున ఉన్న ఈ తీరమున గాలిలో ఉప్పు తుంపరలు ఎక్కువ. తీగె చివరనున్న ప్లగ్గులో బంగారు పూత అరిగినచోట లోపలి రాగిమిశ్రమము ఉప్పుతోను, తేమతోను కలిసి పచ్చని చిలుమును పట్టును. అప్పుడు విద్యుత్తు సరిగా ప్రవహింపదు. కావున ముందు తీగెలను ఊడదీసి చూచినాము. చిలుము లేదు. తిరిగి పెట్టగానే రౌటరు మీది చిన్న దీపములు రెండును వెలిగినవి. తీగె నిర్దోషి.

రెండవ మెట్టు: చిరునామా

ప్రతి యంత్రమునకు రౌటరు ఒక సంఖ్యా చిరునామాను ఇచ్చును. ఇది శాశ్వతము కాదు. కొంత గడువునకు ఇచ్చిన అద్దె వంటిది. కరెంటు పోయి వచ్చినపుడు పాత సంఖ్య మరియొకరికి పోయి, పెట్టెకు కొత్త సంఖ్య రావచ్చును. సంగీత సర్వరులో మాత్రము పాత సంఖ్యయే వ్రాసియున్నది. సర్వరు చూపిన దోషము సంఖ్య 113. "ఆ యంత్రమునకు దారి లేదు" అని దాని అర్థము.

దీనిని పరీక్షించుటకు పింగ్ అను సాధనము ఉన్నది. మరపడవలలో ధ్వనిని సముద్రపు అడుగుకు పంపి, ప్రతిధ్వని వచ్చిన కాలమును బట్టి లోతు కొలుతురని మీకు తెలియును. 1983లో మైక్ మూస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పింగ్‌ను వ్రాసినపుడు అట్టి ధ్వని పరికరము శబ్దమునుబట్టియే ఆ పేరు పెట్టినాడు. ఒక చిన్న సందేశము పంపి, బదులు వచ్చునేమో చూచుటయే దాని పని. పాత సంఖ్యకు బదులు లేదు. రౌటరు పట్టికలో నిల్వ పెట్టె కొత్త సంఖ్యను వెదకి దానికి పంపగా వెంటనే బదులు వచ్చినది. పెట్టె బ్రతికియున్నది!

కొత్త సంఖ్యను సర్వరులో వ్రాసినాము. ఈ పెట్టెకు ఎల్లప్పుడు ఇదే సంఖ్య ఇవ్వవలెనని రౌటరులో కూడ నియమించినాము.

మూడవ మెట్టు: భాష

ఇక పాటలు వచ్చునని పిల్లలు స్పీకరు చుట్టు చేరినారు. రాలేదు. ఇప్పుడు దోషము సంఖ్య 112: "అవతలి యంత్రము పడిపోయి యున్నది." పింగ్‌కు బదులిచ్చుచున్న యంత్రము పడిపోవుట ఎట్లు? ఈ మాటను నమ్మియే చాలమంది మంచి పెట్టెలను పారవేయుదురు.

సంగతి ఇది. ఫైళ్లు ఇచ్చి పుచ్చుకొనుటకు ఈ యంత్రములు ఎస్.ఎం.బి. అను భాషను వాడును. 1980 దశకములో ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ దీనికి ఆద్యుడు. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ వ్రాసిన సాంబా వలన మైక్రోసాఫ్ట్ వారివి కాని యంత్రములకును ఈ భాష అబ్బినది. అది క్రమముగా మారుచు 1, 2, 3 అను తరములుగా పెరిగినది. మొదటి తరమునకు రక్షణ తక్కువ. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు, విండోసులో ఆ మొదటి తరమును అమలుచేసిన తీరులోని లోపమును పట్టుకొని 150కి పైగా దేశములలో కంప్యూటర్లను చెరచినది. లోకము అప్పటికే ఆ తరమును వదలుకొనుచుండెను. ఆ సంవత్సరమే లినక్సు కూడ అడుగనిదే దానిని మాట్లాడుట మానినది.

మన సర్వరు లినక్సుతో నడచునది. ఎన్నో ఏండ్లుగా మార్చని దాని సాఫ్ట్‌వేరును ఒక విద్యార్థి ముందు వారములో ఉత్సాహముతో నవీకరించినాడు. కాని మార్పు అమలులోనికి వచ్చునది యంత్రము తిరిగి మొదలైనప్పుడే. అనగా కరెంటు పోయి వచ్చిన ఆ రాత్రి. నిల్వ పెట్టె పాతది, మొదటి తరము భాషకే అమర్చబడినది. పలాసలో ఒకరు తెలుగులోను, వేరొకరు ఒడియాలోను పలుకరించుకొని, ఉభయులకు వచ్చిన భాషలో బేరము సాగించుట మనము ఎరుగుదుము. ఇచట ఉభయులకు వచ్చిన భాషయే లేదు. సర్వరు రెండవ తరము మాట పలుకగా, పెట్టె బదులు చెప్పక సంబంధమును తెంచినది. ఆ మౌనమును సర్వరు మరణమని వ్రాసుకొన్నది.

పెట్టె అమరికల పుటను తెరచి చూడగా భాష పరిమితి "1" అని ఉన్నది. దానిని "3"కు మార్చినాము. సర్వరునే వెనుకటి తరమునకు దించుట కూడ సాధ్యమే. కాని అది తలుపు గడియ తీసి నిద్రించుట వంటిది. పెట్టెకు కొత్త భాష అసలు రానిచో, పాటలను వేరొక డిస్కుకు నకలు చేసుకొనువరకు మాత్రమే అట్లు చేసి, పిదప ఆ పెట్టెకు సెలవు ఇవ్వవలెను.

పై మెట్లు

భాష కుదిరినను తాళపుచెవి కుదరవలెను. పేరుగాని, పాస్‌వర్డుగాని తప్పినచో దోషము సంఖ్య 13, "అనుమతి లేదు" అని వచ్చును. అర పేరులో ఒక్క అక్షరము తేడా ఉన్నను "అట్టిది లేదు" అనును. మాకు ఈ చిక్కులు రాలేదు. పట్టిక మరల నిండినది. పిల్లలు ఎంచుకొన్న మొదటి పాట, రెండేండ్ల క్రిందట కాలము చేసిన ఒక అవ్వ పాడినది. ఆమె మనుమరాలు అదే తరగతిలో ఉన్నది.

మిగిలిన జాగ్రత్త ఒకటి. కరెంటు వచ్చినపుడు చిన్న సర్వరు ఒక నిమిషములోపే లేచును. డిస్కులు తిరుగవలసిన నిల్వ పెట్టె కొన్ని నిమిషములు తీసుకొనును. ముందు లేచినది తలుపు తట్టి, పలుకు లేదని మరలిపోవును. కనుక ఒక్కసారితో మానక, పాట అడిగినప్పుడెల్ల మరల తగిలించుకొనునట్లు సర్వరును అమర్చినాము.

అన్నిటికంటె ముఖ్యమైనది నకలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చుటను ఈ పిల్లలు ఎరుగుదురు. ఒకే గదిలో, ఒకే పెట్టెలో ఉన్న పాట భద్రముగా ఉన్నదనరాదు. ఇప్పుడు మరియొక డిస్కు టెక్కలిలో ఉన్నది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. పాఠశాలలో రెండు కంప్యూటర్లున్నచో వాటిలో ఒక ఫైలును పంచుకొని, ఒకమారు తీగె ఊడదీసి, ఒకమారు చిరునామా మార్చి, ఒకమారు పాస్‌వర్డు తప్పుగా ఇచ్చి, ప్రతిమారు యంత్రము ఏమి చెప్పునో విద్యార్థులచే పట్టికగా వ్రాయించండి. యంత్రము చెప్పిన మాటకును, నిజముగా జరిగిన దానికిని గల తేడాను వారే కనుగొందురు. ఒకసారి ఒక్క మార్పే చేయవలెనన్న నియమమును కూడ వారు అప్పుడే నేర్తురు.