దెబ్బ తగలని ‘కొట్టుడు’

సుచిత్ర చౌరస్తాలో దారి అడిగితే ‘కొట్టు’ అన్న మాట లేకుండా జవాబు రావడం కష్టం. ముందుకు పోయి యూటర్న్ కొట్టు, అడ్రస్ దొరక్కపోతే ఫోన్ కొట్టు. పక్కన బంకులో ఒకాయన వంద రూపాయల పెట్రోలు కొట్టించుకుంటాడు. మేడ్చల్ బస్సు హారన్ కొడుతుంది. బస్టాపులో ఓ కుర్రాడు కాలేజీకి డుమ్మా కొట్టిన సంగతి దోస్తుకు చెబుతుంటాడు. ఇన్ని కొట్టుళ్లలో దెబ్బ తగిలినవాడు ఒక్కడూ ఉండడు. ఆదివారానికి కుర్రకారు యాస మీద రాయమన్నప్పుడు సంపాదకుల మనసులో ఉన్నవి బహుశా ఇన్‌స్టాగ్రామ్ మాటలు. వాటికన్నా ఈ పాత క్రియే జీవంతో కనిపించింది. తెలుగు చెడిపోతోందనేవాళ్లు సాక్ష్యంగా చూపే పలుకుబళ్లలో చాలావాటిని కట్టింది ఇదే. వాటిలో ఎక్కువ భాగం అలసత్వంలోంచి కాక, పని చేసే చేతుల్లోంచి పుట్టాయన్నది ఈ కథనం వాదన.

ఆ చేతులు చూడాలంటే సుచిత్ర నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో జనం పంచ్ కొట్టి లోపలికి పోతారు, నైట్ డ్యూటీ కొడతారు, డబ్బులు అవసరమైతే ఓటీ కూడా కొడతారు. ఒకప్పుడు గేటు దగ్గర గడియారం మిషన్‌లో అట్టముక్క దూరిస్తే టక్కున టైము అచ్చు పడేది. ఇప్పుడు వేలి ముద్ర చాలు. అయినా అది పంచ్ కొట్టడమే. బస్సు కండక్టరు టికెట్‌కు చిల్లు పొడిచే రోజులు పోయి మిషన్ కాగితం కక్కుతున్నా ‘టికెట్ కొట్టు’ పోలేదు. టైపు కొట్టడం, స్టాంపు కొట్టడం, సైకిల్‌కు గాలి కొట్టడం, వీధి చివర బోరింగ్ కొట్టి బిందె నింపుకోవడం... అన్నిట్లో చెయ్యి పైకి లేచి కిందికి దిగుతుంది. తంతి ఆఫీసులో మీట టకటకలాడించి టెలిగ్రాం కొట్టేవారు. 2013 జులైలో దేశంలో ఆ సేవే ఆగిపోయింది. పనిముట్టు పోయినా క్రియ ఉండిపోయింది. షామీర్‌పేట వైపు కూరగాయల రైతు వీపున ట్యాంకు తగిలించుకుని, ఒక చేత్తో పిడి ఆడిస్తూ, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని సాలు వెంట నడుస్తాడు. అది మందు కొట్టడం. చీకటి పడ్డాక చౌరస్తాలో మందు కొట్టడం వేరే సంగతి. రెంటికీ తేడా ఎవరూ విడమరచి చెప్పరు, ఎవరూ పొరబడరు.

ఇక ‘కొట్టేయ్’ దగ్గరికి వస్తే, ఇది అల్లరిచిల్లర భాష అనే మాట నిలవదు. ‘పిటిషన్‌ను హైకోర్టు కొట్టేసింది’ అని పత్రిక గౌరవంగా అచ్చువేస్తుంది. దాన్నే శీర్షికలో ‘కొట్టివేత’గా మార్చి ఇంకాస్త ఇస్త్రీ చేస్తుంది. అదే పేజీలో కిందెక్కడో బస్సులో ఎవడో పర్సు కొట్టేస్తాడు. జిల్లా పేజీలో ఒకమ్మాయి మంచి ర్యాంకు కొట్టేస్తుంది. రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టేస్తారు. న్యాయమూర్తికీ, జేబుదొంగకూ, చదువుల తల్లికీ, గొడ్డలికీ ఒకే క్రియ. ఒక్క ఊపులో పని తేలిపోయిందన్న భావం అన్నిట్లో ఉంది. చెల్లదని తేల్చడం, మాయం చేయడం, సొంతం చేసుకోవడం, కూల్చడం అన్న తేడాలు పక్కనున్న నామవాచకం చూసుకుంటుంది. మర్యాదగా ఉందా, మోటుగా ఉందా అన్నది కూడా ఆ నామవాచకమే తేలుస్తుంది. కోర్టు నోట పెద్దరికం ఉన్న మాటకు చౌరస్తాలో లేదనడం భాషాభిమానం కాదు, వర్గాభిమానం.

ఇలాంటి నోటిమాటలకు నిఘంటువుల్లో చోటు సంగతి క్లుప్తంగా: సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది. నూరేళ్లు దాటాక, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ‘మాండలిక వృత్తి పదకోశం’ వ్యవసాయ సంపుటం వచ్చింది. పని చేసేవాళ్ల నోటిమాటను ఊరూరా సేకరించి నిఘంటువు గౌరవం ఇచ్చిన పని అది. ఫ్యాక్టరీ గేటు మాటలకు కూడా అలాంటి పని జరగాలి.

ఇదంతా హిందీ ‘మార్నా’కు నకలేగా అంటారు. ఆంఖ్ మార్నా, చక్కర్ మార్నా, గప్పే మార్నా ఉన్నమాట నిజమే. హైదరాబాదు చుట్టుపక్కల ఆ ప్రభావం లేదనలేం. కానీ తమిళులు ‘అడి’తో ఫోన్ కొడతారు, కాపీ కొడతారు, మందూ కొడతారు. కన్నడిగులకు ‘హొడి’ ఉంది. పారశీకంలో ఫోన్ చేయడమంటే గంట కొట్టడం, మాట్లాడటమంటే మాట కొట్టడం. ఇంతమంది ఒకే దారిన నడుస్తుంటే అప్పు ఎవరు ఎవరికి ఇచ్చారో తేల్చడం తేలిక కాదు. మరి సోది కొట్టడానికి, లైన్ కొట్టడానికి ఏ పనిముట్టు ఉందన్న ప్రశ్న మాత్రం గట్టిదే. ఏదీ లేదు. దారి పడ్డాక కొత్త మాటలు వెనకే నడిచాయి. సుత్తి కొట్టడం మధ్యరకం: జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ (1982)తో జనం నోళ్లలో నానింది. వీరభద్రరావు, వేలు పేర్ల ముందు సుత్తి ఇంటిపేరులా అతుక్కుపోయింది. పనిముట్టు ఉంది గానీ దెబ్బ పడేది వినేవాడి చెవి మీద. హింస భాషలోకి చొరబడిందనే బెంగ కూడా ఇక్కడ అనవసరం. ‘నాకు బోర్ కొట్టింది’ అన్నప్పుడు కొట్టినవాడే లేడు. షాక్ కొట్టినా, కంపు కొట్టినా, వాన దంచి కొట్టినా అంతే.

కొట్టని చోట్లు

అన్నిటికీ కొట్టు అతకదు. వంట కొట్టరు, పెళ్లి కొట్టరు, పూజ కొట్టరు. గుళ్లో కొబ్బరికాయ కొడతారు, హారతి మాత్రం ఇస్తారు. టైరుకు గాలి కొట్టేవాడే పంచర్ వేస్తాడు. మోసం చేసేవాడు టోపీ పెడతాడు, పొగిడేవాడు బిస్కెట్ వేస్తాడు. నిదానంగా, దశలవారీగా సాగే పనికి ఈ క్రియ సాధారణంగా లొంగదు. అతికిన చోట కూడా చిన్న మార్పుతో అర్థం మారిపోతుంది: ‘డప్పు కొట్టడం’ ఒకరి బతుకుతెరువు. ‘డప్పు కొట్టుకోవడం’ సొంత గొప్ప చెప్పుకోవడం. ఎన్నికల రుతువులో రెండోదానికి జనం తక్కువ కారు, వాళ్ల కోసం మొదటి పని చేసేవాళ్లకు రోజుకూలి దొరుకుతుంది.