కరోనా ముప్పు ఎవరికి అధికం?
మధుమేహం, రక్తపోటు ఉంటే అప్రమత్తత అవసరం
మిర్చి ఘాటు దగ్గేనని తీసిపారేయరాదు

గుంటూరు: ఒకే ఇంట్లో నలుగురికి కరోనా సోకితే ముగ్గురు జ్వరంతో బయటపడడం, ఒకరికి మాత్రం ప్రాణవాయువు అవసరం కావడం 2020, 2021 సంవత్సరాల్లో ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలకు అనుభవమే. సోకిన వ్యక్తి వయసు, అప్పటికే ఉన్న జబ్బులు ఈ తేడాకు ప్రధాన కారణాలు. అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినా వైరస్ అంతరించలేదు.

రెండు రాష్ట్రాల లెక్కలు

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రోగుల వివరాలతో జరిగిన విస్తృత అధ్యయనం 2020లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. 5 నుంచి 17 ఏళ్ల వారిలో 0.05 శాతంగా ఉన్న మరణాల రేటు 85 ఏళ్లు దాటిన వారిలో 16.6 శాతానికి చేరినట్లు అందులో తేలింది. మృతుల్లో 62.5 శాతం మందికి కనీసం ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉంది. 45 శాతం మందికి మధుమేహం, 36.2 శాతం మందికి అధిక రక్తపోటు ఉండగా హృద్రోగం, మూత్రపిండాల వ్యాధి తర్వాతి స్థానాల్లో నిలిచాయి. అమెరికాతో పోలిస్తే ఇక్కడి మృతుల్లో 75 ఏళ్లు దాటిన వారి వాటా చాలా తక్కువగా ఉండడం గమనార్హం. అంటే కుటుంబాన్ని పోషించే వయసు వారికీ ముప్పు తప్పలేదు.

జబ్బు ముదిరేదిలా..

రక్తంలో చక్కెర అదుపు తప్పితే వైరస్‌తో పోరాడే తెల్లరక్తకణాల శక్తి సన్నగిల్లుతుంది. 2021లో కరోనా నుంచి కోలుకున్న మధుమేహ రోగులను బ్లాక్ ఫంగస్ పీడించడానికీ ఇదే ముఖ్య కారణం. స్టెరాయిడ్ల వాడకం దానికి తోడైంది. రక్తపోటు, హృద్రోగం వల్ల దెబ్బతిన్న రక్తనాళాల్లో వైరస్ వాపును, గడ్డలను కలిగిస్తే గుండెపై భారం పెరుగుతుంది. స్థూలకాయం శ్వాసకు అడ్డుపడుతుంది. మూత్రపిండాల వ్యాధి, క్యాన్సర్ ఉన్నవారిలో రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది.

దుమ్ముతో చిక్కు

మిర్చి యార్డులో, కల్లాల్లో, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చేవారికి శ్వాసకోశ వ్యాధులు వచ్చే అవకాశం ఉంది. చుట్ట, బీడీ అలవాటుంటే ఊపిరితిత్తులు మరింత బలహీనపడతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. దగ్గు వస్తే ఘాటు వల్లేనని సరిపెట్టుకోవడంతో విలువైన రోజులు గడిచిపోతాయి. కోతల కాలంలో కర్నూలు ప్రాంతం నుంచి వలస వచ్చే కూలీలు నిత్యం వాడే బీపీ, షుగర్ మాత్రలు వెంట తెచ్చుకోకపోతే ముప్పు రెట్టింపవుతుంది.

ఏం చేయాలి?

పని మానినా తగ్గని దగ్గు, జ్వరం, ఆయాసం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. ఆక్సిజన్ స్థాయి 94 కన్నా తగ్గితే ఆయాసం లేకున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వైద్యుల సలహా లేకుండా స్టెరాయిడ్లు వాడరాదు. 2021 మార్చి 1న 60 ఏళ్లు పైబడిన వారితో పాటు దీర్ఘకాలిక వ్యాధులున్న 45 ఏళ్లు దాటిన వారికీ టీకా ప్రారంభించింది ఈ ముప్పును దృష్టిలో ఉంచుకొనే. టీకా జబ్బు ముదరకుండా చాలావరకు కాపాడుతుంది. వయసును తగ్గించుకోలేకున్నా బీపీ, షుగర్‌లను అదుపులో ఉంచుకోవడం ఎవరి చేతిలో వారికి ఉన్న పనే. తనకు ఆ జబ్బులున్నాయో లేదో తెలుసుకోవడం అందుకు తొలి మెట్టు.