హారిసన్ ఢిల్లీలో కొన్న సితార్: బీటిల్స్ పాటల్లోకి మన రాగం వచ్చిన దారి

బీటిల్స్ బృందానికి భారతదేశంతో ఉన్న అనుబంధం అనగానే అందరికీ రిషికేశ్ గుర్తుకొస్తుంది. 1968 ఫిబ్రవరిలో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చిన ఆ నలుగురు గాయకుల ఛాయాచిత్రాలు అంతగా ప్రచారం పొందాయి. అయితే అంతకు ఏడాదిన్నర ముందే, 1966 జులైలో, వారు ఢిల్లీలో దిగారు. ఇక్కడ కచేరీ చేయలేదు. రెండు రోజులుండి లండన్ వెళ్లిపోయారు. ఆ కొద్ది వ్యవధిలో జార్జ్ హారిసన్ కనాట్ ప్లేస్‌లోని రిఖీ రామ్ వాద్యాల దుకాణంలో ఒక సితార్ కొనుక్కున్నాడు.

వారు ఢిల్లీకి చేరిన తీరు కూడా చెప్పుకోదగినదే. జులై 4న మనీలాలో రెండు ప్రదర్శనలిచ్చారు. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి సతీమణి ఇమెల్డా మార్కోస్ ఆహ్వానించిన కార్యక్రమానికి బృందం వెళ్లకపోవడంతో అక్కడ ఆగ్రహావేశాలు చెలరేగాయి. విమానాశ్రయంలో తోపులాటల మధ్య ఎలాగో విమానమెక్కారు. భారతదేశంలో తమనెవరూ గుర్తుపట్టరు, హాయిగా తిరగవచ్చనుకున్నారు. తీరా పాలంలో దిగేసరికి కంచె అవతల నుంచి జనం బీటిల్స్ పేరు పెట్టి కేకలేస్తున్నారు. బస చేసిన ఒబెరాయ్ ఇంటర్‌కాంటినెంటల్ హోటల్ వద్దా అదే పరిస్థితి. నగరం బయట ఒక పల్లెకు వెళ్లినప్పుడు పిల్లలు చుట్టుముట్టి చేయి చాచారని, తమ మెడలోని కెమెరాల ఖరీదు ఆ ఊరి వారికి ఊహకందనిదని హారిసన్ తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నాడు.

రిఖీ రామ్ దుకాణం మొదట లాహోర్‌లో ఉండేది. దేశవిభజన తరువాత ఢిల్లీకి తరలివచ్చింది. ఆ రోజుల్లో హిందుస్తానీ విద్వాంసులు నమ్మి వాద్యాలు చేయించుకునే చోటు అది. హారిసన్ దగ్గర అప్పటికే ఒక సితార్ ఉన్నా, అది లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో, భారతీయ హస్తకళా వస్తువులమ్మే అంగడిలో కొన్నది. 1965లో ‘హెల్ప్!’ చిత్రం షూటింగ్‌లో భారతీయ రెస్టారెంట్ సన్నివేశం కోసం తెచ్చిన వాద్యాలను చూసి ముచ్చటపడి దాన్ని తెచ్చుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో ‘నార్వీజియన్ వుడ్’ పాటలో వాయించాడు. ఆ దశలో తీగ తెగితే కొత్త తీగ కోసం లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్‌ను ఆశ్రయించారు. ఆ సంస్థ స్థాపకుడు అయన అంగడి కర్ణాటకకు చెందినవాడు.

‘నార్వీజియన్ వుడ్’లో సితార్ చేసే పని పరిమితం. గిటార్ వాయించగల వరసనే అది కొత్త నాదంతో పలికిస్తుంది. నగకు పొదిగిన రాయి వంటిది. రాయి తీసినా నగ నిలుస్తుంది. 1966 ఏప్రిల్‌లో రికార్డు చేసిన ‘లవ్ యూ టు’ అలా కాదు. తాళం లేని చిన్న ఆలాపనతో మొదలై, ఆపై తబలా అందుకుంటుంది. స్వరాలు ఉత్తరాదివారి కాఫీ ఠాట్‌కు, అంటే మన ఖరహరప్రియకు, దగ్గరగా నడుస్తాయి. రాక్ సంగీతానికి ప్రాణమైన తీగల మేళవింపుల మార్పులు ఇందులో నామమాత్రం. శ్రుతి మీద నిలిచి స్వరాన్ని విస్తరించడమే పద్ధతి.

ఆ ఏడాది జూన్‌లో లండన్‌లో హారిసన్‌కు పండిత్ రవిశంకర్‌తో పరిచయమైంది. ఢిల్లీ కొనుగోలు దాని తరువాతిది. కనుక దీన్ని పర్యాటకుడి సరదాగా గాక, పాఠం మొదలుపెట్టే విద్యార్థి సన్నాహంగా చూడడమే సబబు. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో బీటిల్స్ టికెట్ కచేరీలకు స్వస్తి పలికారు. సెప్టెంబరులో హారిసన్ బొంబాయి వచ్చి, రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు.

ఆ శిక్షణ ఫలితం 1967 నాటి ‘వితిన్ యూ వితౌట్ యూ’. ఇందులో మిగతా ముగ్గురు బీటిల్స్ వాయించలేదు. దిల్‌రుబాలు, స్వరమండల్, తంబురాలు, తబలా వాయించినవారు లండన్‌లోని భారతీయ కళాకారులు. దిల్‌రుబా పలికిన జారులను పాశ్చాత్య వయొలిన్లు, చెల్లోలు అనుకరించేలా జార్జ్ మార్టిన్ స్వరరచన చేశాడు. స్వరాలు ఖమాజ్ ఠాట్‌వి, మన హరికాంభోజికి సరిపోలేవి. నడిమి వాద్యభాగంలో లెక్క అయిదు మాత్రలకు మారుతుంది. ఖండచాపు ఎరిగిన తెలుగు శ్రోత అక్కడ తెలియకుండానే చేత్తో తాళం వేస్తాడు.

రవిశంకర్ ఆకాశవాణి కోసం చేసిన ఒక రచనే ఈ పాటకు ఆధారమని హారిసన్ స్వయంగా చెప్పాడు. ఇక్కడ కథ మళ్లీ ఢిల్లీని తాకుతుంది. రవిశంకర్ 1949 నుంచి 1956 వరకు పనిచేసింది ఢిల్లీ ఆకాశవాణిలోనే. అక్కడి జాతీయ వాద్యబృందాన్ని తీర్చిదిద్దిన తొలితరంలో ఆయన ఒకరు. అదే బృందాన్ని తరువాత ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి నడిపారు. మన వాద్యాలను సమూహంగా ఎలా పలికించాలన్న ప్రశ్నకు లండన్ స్టూడియోల కంటే ముందే ఢిల్లీలో జవాబులు వెతికారన్న సంగతి బీటిల్స్ చరిత్రకారులు తరచుగా మరచిపోతారు.

సితార్ ఫ్యాషన్‌గా మారడం రవిశంకర్‌కు రుచించలేదు. మత్తుపదార్థాలతో తన సంగీతాన్ని ముడిపెట్టే యువ శ్రోతలను ఆయన బాహాటంగానే మందలించారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం హారిసన్‌తో కలిసి జరిపిన కచేరీలో, వాద్యాలు శ్రుతి చేసుకోవడం ముగియగానే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతికే ఇంత ఆనందిస్తే కచేరీ ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని ఆయన చమత్కరించారు.

హారిసన్ మాత్రం అప్పటికే తన పరిమితిని గ్రహించాడు. చిన్ననాటి నుంచి రోజుకు గంటల తరబడి సాధన చేసినవారి స్థాయిని ఇరవై మూడేళ్లకు మొదలుపెట్టిన తాను అందుకోలేనని తేల్చుకుని, 1968లో సితార్ సాధన మాని గిటార్‌కు తిరిగి వచ్చాడు. అయితే 1970లో వెలువడిన ‘మై స్వీట్ లార్డ్’ పాటలో అతని స్లైడ్ గిటార్ వినండి. స్వరం మెట్టు మెట్టుగా ఎక్కదు, ఒకదాని నుంచి మరొకదానికి జారుతుంది. ఆ జారు అతనికి బ్లూస్ నుంచి వచ్చిందని కొందరంటారు. నా చెవికి మాత్రం అది సితార్ మీద మీండ్ నేర్చిన వేళ్ల పనిలా వినిపిస్తుంది.