పెద్దగట్టు నేర్పిన పాఠము

రెండేండ్లకొకసారి మాఘమాసమున సూర్యాపేట చెంతనున్న దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర జరుగును. లింగమంతుల స్వామిని, చౌడమ్మను కొలుచుటకు జనము బండ్ల మీదను, కాలినడకను తరలివత్తురు. గజ్జెల లాగులు తొడిగిన యాదవుల అడుగులతోను, భేరీల మ్రోతతోను, ‘ఓ లింగా’ యను కేకలతోను గట్టు మారుమ్రోగును. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి ఆ గట్టు చెంతనే సాగుచున్నది.

జాతర నాళ్లలో ఆ రహదారిపై ఒక వింత జరుగును. 2025 ఫిబ్రవరిలోను జరిగినది. విజయవాడకు పోవలసిన వాహనములు నార్కట్‌పల్లి వద్దనే మళ్లి, నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల మీదుగా కోదాడ చేరి, అక్కడ మరల రహదారి నెక్కును. నడచి వచ్చువాని కొరకు లారీయే ప్రక్కకు తొలగును!

తక్కిన దినములలో కథ తలక్రిందులు. సూర్యాపేటలో జనగామ క్రాస్‌రోడ్డు వద్ద గాని, కోదాడ చెంత కొమరబండ క్రాస్‌రోడ్డు వద్ద గాని రోడ్డు దాటవలసినవాడు ఇరువైపుల చూచి, గుండె చిక్కబట్టుకొని పరుగెత్తవలెను. ఈ రహదారిపై 17 ప్రమాదస్థలములను గుర్తించి, వాటిని సరిదిద్దు పనులకు 2024లో పూనుకొనిరి. వంతెనలు, అండర్‌పాసులు కావలసినవే. కాని వంతెన పూర్తియగు వరకు పిల్లలు బడికి పోక మానరు గదా! 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన పాదచారులే 32,825 మంది.

దారి మళ్లించుటయే మందగునా? జాతర నాళ్లలో మళ్లిన బండ్లన్నియు మిర్యాలగూడ త్రోవను క్రమ్ముకొనును. అసలే అది బియ్యపు మిల్లుల ఊరు. ధాన్యపు ట్రాక్టర్లకును, బియ్యపు లారీలకును అక్కడ కొదువ లేదు. ఒక ఊరి క్షేమము మరియొక ఊరికి కష్టము కారాదు. మళ్లింపు వలన ప్రమాదము చోటు మారును. వేగము తగ్గిననే ప్రమాదము తగ్గును.

ఇందులో పిల్లలకు చెప్పదగిన లెక్క యొకటి కలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. రోడ్డుపై పిల్లవానిని చూచి డ్రైవరు బ్రేకు త్రొక్కుటకే ఆ సెకను చెల్లును. పొడి నేలపై ఆగుటకు మరి 20 మీటర్లు కావలెను, వెరసి 37. అదే కారు 30 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో 13 మీటర్లలోనే నిలుచును. వేగము సగమైనచో తాకిడి బలము నాలుగవ వంతగును. అందుచేతనే 2020లో స్టాక్‌హోంలో సమావేశమైన వివిధ దేశముల ప్రతినిధులు, జనమును వాహనములును కలిసి తిరుగు చోట్ల 30 కిలోమీటర్లను మించరాదని ప్రకటించిరి.

మన రహదారి సముద్రతీరపు పట్టణమగు మచిలీపట్నమున ముగియును. ఒడ్డున నడచువారికిని వాహనముల బెడద తప్పలేదు. విశాఖపట్నపు బీచి రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనములను ఆపి, త్రోవను నడచువారికి విడుచుచున్నారు. వ్యాయామమునకు రోడ్డు నియ్యగలిగినప్పుడు, జాతరకు రోడ్డు నియ్యగలిగినప్పుడు, బడి పిల్లలకు ఉదయ సాయంకాలములందు అరగంట చొప్పున నెమ్మది నియ్యలేమా? బడి చెంత వేగనిరోధకములు, తెల్లగీతల దారి, ఆ అరగంట ఒక పోలీసు జవాను - ఇవి కోట్ల పనులు కావు. కాలిబాటపై నడచుట జీవనహక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది కూడ.

ఉపాధ్యాయులు ఒక్క వారము పిల్లలచేత లెక్క వ్రాయింపవలెను: మన బడి పిల్లలలో రోడ్డు దాటువారెందరు? ఏ చోట దాటుదురు? ఎంతసేపు నిలువవలసివచ్చును? ఆ లెక్కను అర్జీతో పురపాలక సంఘమునకును, పోలీసు ఠాణాకును పంపవలెను. గణితము, పౌరశాస్త్రము రెండును ఆ కాగితముపైననే నేర్వవచ్చును. రెండేండ్లకు ఐదు నాళ్లు దేవుని పేర దొరకు ఆ మర్యాద, దినమునకు రెండుసార్లు పుస్తకాల సంచి మోయు బిడ్డకును దొరకవలెను.