కొండలెక్కే బండికి కోటిన్నర: ఏ రూపాయి దేనికి?

వీధిలోకి కొత్తగా ఓ డిఫెండరో, రేంజ్ రోవరో, ల్యాండ్ క్రూజరో వచ్చి ఆగితే చుట్టూ చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: మైలేజీ ఎంతిస్తుంది? లీటరుకు పది కిలోమీటర్లు అనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే వంద లీటర్ల డీజిల్. లీటరు 95 రూపాయల చొప్పున 9,500 రూపాయలు. ఇలాంటి బండి మీద పడే ఖర్చుల్లో ఇది చాలా చిన్నది. అసలు లెక్క వేరే చోట ఉంది. కొనే ఆలోచన ఉన్నవాళ్లకే కాదు, అలాంటి బండి పక్కనుంచి వెళ్తే తల తిప్పి చూసేవాళ్లకు కూడా ఆ లెక్క తెలిస్తే మంచిది.

లెక్క కోసం ఒక ధర అనుకోవాలి. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 2020 అక్టోబరులో మన దేశానికి వచ్చినప్పుడు ప్రారంభ ధర 73.98 లక్షలు. ఇప్పుడు అందులో ఎక్కువ రకాలు కోటి దాటేశాయి. మెర్సిడెస్ జీ క్లాస్ రెండున్నర కోట్ల పైమాటే. మధ్యస్థంగా షోరూం ధర కోటిన్నర అనుకుందాం. విదేశంలో పూర్తిగా తయారై ఓడలో దిగిన బండి అనుకుందాం.

ఈ కోటిన్నరలో బండి విలువెంత? 40 వేల డాలర్లు దాటిన దిగుమతి కార్ల మీద సుంకాలన్నీ కలిపి 110 శాతం. సుంకం కలిసిన మొత్తం మీద జీఎస్టీ 40 శాతం. 2025 సెప్టెంబరు 22కు ముందు పెద్ద ఎస్‌యూవీలకు ఇది సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది. డీలరు కమీషన్ వంటివి పక్కన పెట్టి వెనక్కి లెక్కిస్తే, రేవులో దిగేనాటికి బండి విలువ 51 లక్షలు. దానిమీద సుంకం 56 లక్షలు, ఆ రెండింటి మీద జీఎస్టీ 43 లక్షలు. అక్కడికి కోటిన్నర. ఇక లైఫ్ ట్యాక్స్, అంటే బండి ఉన్నన్నాళ్లకూ రిజిస్ట్రేషన్ రోజునే కట్టేసే రోడ్డు పన్ను. ఖరీదైన కార్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది ధరలో దాదాపు ఐదో వంతు, అంటే ఇంకో 30 లక్షలు. బండి రోడ్డెక్కేసరికి కోటీ ఎనభై లక్షలు. మీరిచ్చే ప్రతి వంద రూపాయల్లో బండికి చేరేది 28. మిగతా 72 పన్నులు.

ఇక్కడే తయారైతే తగ్గదా అంటే, తగ్గుతుంది. టాటా మోటార్స్ 2008లో జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్నది. 2024లో రేంజ్ రోవర్‌ను, రేంజ్ రోవర్ స్పోర్ట్‌ను పుణెలో బిగించడం మొదలుపెట్టగానే వాటి ధర 18 నుంచి 22 శాతం దాకా పడింది. విడిభాగాలుగా తెస్తే సుంకం తక్కువ కావడమే కారణం. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం వల్ల అక్కడి కార్ల మీద సుంకం, ఒక కోటా మేరకు, క్రమంగా 10 శాతానికి దిగుతుంది. కానీ డిఫెండర్ పేరుకే బ్రిటిష్ బండి. 2019లో ఆవిష్కరించిన కొత్త డిఫెండర్ తయారయ్యేది స్లొవేకియాలోని నిట్రాలో. బ్రిటన్ ఒప్పందాన్ని చూసి దాని ధర పడుతుందని ఆగినవాళ్లు ఈ సంగతి గమనించాలి.

కొన్న తర్వాత అన్నిటికన్నా పెద్ద ఖర్చు విలువ తరగడం. మన బీమా నిబంధనల్లో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి దొంగలపాలైనా, నుజ్జయినా బీమా సంస్థ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. ఏడాది నిండేలోపే అది 15 శాతం తరుగుతుంది. మూడో ఏట 30 శాతం, అయిదో ఏట 50 శాతం. షోరూం ధర కోటిన్నర అయితే అయిదేళ్లలో కరిగిపోయేది 75 లక్షలు. నెలకు లక్షా పాతిక వేలు. రోజుకు నాలుగు వేల పైచిలుకు, బండి గేటు దాటకపోయినా సరే. మొదట చెప్పుకున్న డీజిల్ ఖర్చుకు ఇది పదమూడు రెట్లు. ల్యాండ్ క్రూజర్ లాంటి కొన్ని బండ్లకు పాత కార్ల బజారులో ఇంతకన్నా మంచి ధరే పలుకుతుంది, నిజమే. కానీ ముందే కట్టేసిన 30 లక్షల పన్నును పాత బండి కొనేవాళ్లు మీకు లెక్కగట్టి తిరిగివ్వరు.

అప్పు చేసి కొంటే? కోటి రూపాయలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు లక్షా అరవై ఒక్క వేలు. మొత్తం కట్టేది కోటీ 35 లక్షలు. అప్పు లేకుండా, చేతిలో ఉన్న డబ్బుతోనే కొన్నా లెక్క తప్పదు. అదే కోటీ ఎనభై లక్షలు బ్యాంకులో ఆరున్నర శాతానికి వేస్తే ఏడాదికి 11 లక్షల 70 వేలు, నెలకు 97,500 వడ్డీ వచ్చేది.

‘కంపెనీ పేరు మీద కొంటే పన్నులో కలిసొస్తుందట కదా’ అనేది తరచూ వినిపించే మాట. కలిసొచ్చేది ఎంతో చూద్దాం. వ్యాపారానికి వాడే కారు మీద ఏటా 15 శాతం తరుగుదలను ఖర్చుగా చూపించవచ్చు. కోటీ ఎనభై లక్షల మీద మొదటి ఏడు అది 27 లక్షలు. 30 శాతం పన్ను కట్టేవారికి మిగిలేది 8 లక్షల చిల్లర. ఆ ఏడాది బండి వాడింది 180 రోజుల లోపైతే అందులో సగమే. తర్వాతి ఏళ్లలో మిగిలిన విలువ మీదే 15 శాతం కాబట్టి ఏటికేడు తగ్గుతుంది. సొంత అవసరాలకు వాడిన మేరకు మినహాయింపు రాదు. మామూలు వ్యాపారాలకు కారు మీద కట్టిన జీఎస్టీ కూడా తిరిగి రాదు. పన్ను కలిసొస్తుందని కొనడమంటే ఎనిమిది లక్షల కోసం కోటీ ఎనభై లక్షలు తీయడం.

ఇక బండి గొప్పతనం సంగతి. దీన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. బండి నిజంగా గట్టిది. డిఫెండర్ 110ని గాలి సస్పెన్షన్‌తో పూర్తిగా లేపితే నేలకూ అడుగు భాగానికీ మధ్య 291 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. దీన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. 38 డిగ్రీల వాలున్న గట్టును ముందు బంపర్ తగలకుండా ఎక్కగలదు. దీన్ని అప్రోచ్ యాంగిల్ అంటారు. లో రేంజ్ గేరు వేస్తే వేగం తగ్గి చక్రాలకు అందే బలం దాదాపు మూడింతలవుతుంది. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే పట్టు దొరికిన చక్రానికి బలం మళ్లించే డిఫరెన్షియల్ లాక్ ఉంది.

ఇప్పుడు పక్కనే ఇంకో బండి పెట్టి చూడండి. మహీంద్రా థార్ మూడు తలుపుల బండి అప్రోచ్ యాంగిల్ 41 డిగ్రీలు దాటుతుంది, అంటే డిఫెండర్ కన్నా ఎక్కువ. గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. దానికీ లో రేంజ్ గేరు ఉంది. ధర ఇందులో పదో వంతు. మారుతి జిమ్నీకి 210 మిల్లీమీటర్లు, 36 డిగ్రీలు. బురదలోంచి బయటపడటమే అవసరమైతే దాని ఖరీదు పదిహేను లక్షల చుట్టూనే. మిగతా డబ్బుకు వచ్చేది వేరు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలోనూ లోపల నిశ్శబ్దం, గుంత తెలియని కుషన్, ఎత్తైన సీటు, ఆ పేరు. అవి విలువైనవే. వాటికే డబ్బిస్తున్నామని ఒప్పుకుని ఇవ్వాలి, అంతే. మన దగ్గర నిజంగా దారి లేని చోట తిరిగేవాళ్లు ఏ బండి వాడతారో బొర్రా గుహల దగ్గర చూడవచ్చు. కటికి జలపాతానికి రాళ్ల మీదుగా రోజంతా జనాన్ని చేరవేసేది జీపులే.

వరదనీటి గురించి మాత్రం కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు లెక్క ప్రాణం తీస్తుంది. డిఫెండర్ 900 మిల్లీమీటర్ల, అంటే దాదాపు మూడడుగుల నీటిలో నడవగలదని కంపెనీ చెబుతుంది. అది నిలిచిన నీటికి, గట్టి నేలకు, నెమ్మదైన వేగానికి సంబంధించిన అంకె. పారే వాగు వేరు. బండి ఐదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు అనుకుంటే, నీరు అడుగు భాగాన్ని తాకాక పైకి పెరిగే ప్రతి 10 సెంటీమీటర్లకూ బండిని దాదాపు టన్ను బలంతో పైకెత్తుతుంది. బండి బరువు రెండు టన్నుల పైచిలుకు. అడుగున ఖాళీ 29 సెంటీమీటర్లు, ఆపైన మరో 30 సెంటీమీటర్లు, కలిపి రెండడుగులు. అక్కడికి చక్రాలకు నేల మీద పట్టు పోవడం మొదలవుతుంది. నిలిచిన చోట నీరు మెల్లగా లోపలి ఖాళీల్లోకి చేరి బండిని కిందికి అదుముతుంది. ప్రవాహం ఆ వ్యవధి ఇవ్వదు, పక్కకు తోసేస్తుంది. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలను సైతం ఈడ్చుకుపోతుందని అమెరికా వాతావరణ శాఖ ఏళ్లుగా హెచ్చరిస్తున్నది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ వీధుల్లోనే కార్లు తేలిపోయాయి. వాన రోజున లో లెవెల్ వంతెన మీద నీరు పారుతుంటే, మీది ఎంత ఖరీదైన బండైనా ఆపేయండి. ఇంకో సంగతి: ఇంజన్‌లోకి నీరు చేరి పాడైతే మామూలు బీమా వర్తించదు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి.

పెద్ద బండి కాబట్టి భద్రం అనే నమ్మకానికీ రెండు వైపులున్నాయి. లోపల ఉన్నవారికి రక్షణ ఎక్కువే. కానీ నాలుగు చక్రాలకూ బలం అందడం బండి కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. ఆల్టోకు దాదాపు మూడింతల బరువును ఆపాలి. బయట నడిచేవారి పరిస్థితి ఇంకా కష్టం. అమెరికాలో బీమా సంస్థల రహదారి భద్రతా పరిశోధన కేంద్రం 2023లో పాదచారులకు జరిగిన దాదాపు 18 వేల ప్రమాదాలను పరిశీలించింది. బానెట్ ముందంచు 40 అంగుళాలకు మించి ఉన్న బండ్లు, కిందికి వాలిన పొట్టి బానెట్ కార్లతో పోలిస్తే, ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని తేల్చింది. బడి పిల్లలు నడిచే మన సందుల్లో ఈ అంకె గుర్తుండాలి.

ఇంత లెక్క ఉన్నా ఆ బండి మీద మోజు ఎందుకు? ఎందుకంటే దాని ప్రతిష్ఠ పనిచేసి సంపాదించుకున్నది. రోవర్ కంపెనీకి చెందిన మారిస్ విల్క్స్ 1947లో వేల్స్‌లోని ఆంగ్లెసీ సముద్రతీరపు ఇసుకలో మొదటి ఆకారం గీశాడని చెబుతారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో అది బయటికొచ్చింది. యుద్ధం తర్వాత ఉక్కుకు కరువు కాబట్టి ఒళ్లు అల్యూమినియంతో చేశారు. కొన్నది రైతులు. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ లోపలి భాగాన్ని బురద అంటితే గొట్టంతో నీళ్లు పట్టి కడిగేసేవారు. పొలం బండి విలాసంగా మారింది ఆ తర్వాతే. బ్రిటన్ రాకుమారుడు ఫిలిప్ 2021లో తన అంతిమయాత్రకు కూడా తాను దగ్గరుండి రూపొందించుకున్న ల్యాండ్ రోవర్‌నే కోరుకున్నాడు.

మన దగ్గర ఆ వరస వేరు. మొదట జీపంటే అధికారం: పోలీసు, తహసీల్దారు, అటవీ అధికారి. 1994లో వచ్చిన టాటా సుమోలు సినిమాల్లో వరసకట్టి పల్లెలోకి దిగితే హాలంతా కదిలేది. తర్వాత స్కార్పియో, ఫార్చ్యూనర్, ముఖ్యమంత్రుల కాన్వాయ్‌లలో ల్యాండ్ క్రూజర్లు. పెద్ద బండి దిగినవాడిని ఎవరో ఒకరు పైకి లేచి పలకరిస్తారన్నది మనం చూస్తూ పెరిగిన సంగతి. ఆ గౌరవానికి జనం ఎంతిస్తారో 2024లో హైదరాబాద్ ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో తేలింది. ఒక ల్యాండ్ క్రూజర్ కోసం 9999 నంబరు వేలంలో 25 లక్షలు దాటింది. ఒక థార్ కొనగా ఇంకా మిగిలే డబ్బు అది, నాలుగు అంకెలకు.

ఈ కోరికను నేను తప్పుపట్టను. కష్టపడి పైకొచ్చిన మనిషి తన గెలుపు నలుగురికీ కనబడాలనుకోవడం సహజం. నా సలహా మటుకు సూటిగా ఇదీ. కోటీ ఎనభై లక్షలు పూర్తిగా మీ డబ్బే అయి, అయిదేళ్లలో 75 లక్షలు కరిగినా పిల్లల చదువు, వైద్యం, పొలం, వ్యాపారం ఏదీ కుంటుపడకపోతే, హాయిగా కొనుక్కోండి, దూరాలు తిరగండి. అందులో సగానికి మించి అప్పైతే కొనకండి. మధ్యలో ఎక్కడో ఉంటే, సంతకం పెట్టే ముందు గత ఏడాదిలో తారు రోడ్డు దిగి బండి నడిపిన రోజులెన్నో ఒక కాగితం మీద రాసి, నెలకు లక్షా పాతిక వేలను దాని పక్కన పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించండి.