మీకు తెలుసా? నల్ల పులి నలుపు కథ

ఒడిశా మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ అడవిలో కొన్ని పులులు ఒంటికి బొగ్గు పూసుకున్నట్టు కనిపిస్తాయి. నిజానికి అవి పూర్తి నల్లవి కావు. దగ్గరగా చూస్తే, మామూలు చారలే కాగితం మీద ఒలికిన సిరాలా వెడల్పుగా పాకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. సందుల్లోంచి పసుపు రంగు తొంగిచూస్తుంటుంది.

ట్యాక్‌పెప్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడమే దీనికి కారణమని బెంగళూరులో శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. మన ఇళ్లలో తిరిగే కొన్ని పిల్లుల ఒంటిమీద పెద్దపెద్ద మచ్చల్లాంటి చారలకూ ఈ జన్యువులోని మార్పులే కారణం! అయితే ఆ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే పులిపిల్ల నల్లబడుతుంది. అంత అరుదైనది ఇక్కడ మూడో వంతుకు పైగా పులుల్లో ఎలా కనిపించింది? సిమిలిపాల్ పులులు కొద్దే; మిగతా పులుల అడవులకు దూరంగా, విడిగా మిగిలిపోయాయి. బయటి సంబంధం దొరక్క తరతరాలుగా మేనరికాలే చేసుకునే ఊరులాంటిదన్నమాట.

అందుకే 2024లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను తెచ్చి వదిలారు. జీనత్‌కు అత్తారిల్లు నచ్చినట్టు లేదు. జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా నడిచి వెళ్లిపోయింది. డిసెంబరు చివర్లో బాంకుడా జిల్లాలో మత్తు సూది వేసి పట్టుకుని, మళ్లీ సిమిలిపాల్‌కే తీసుకొచ్చారు.